గానుగ బేరం, శనివారం గడువు

కరోనా తగ్గిన తరువాతి సంవత్సరం, చెరకు నరకడం మొదలైన రోజుల్లో, బోధన్ జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో నేను ఒక బెల్లం గానుగ దావాలో వకాల్తా వేశాను. రెండో ప్రతివాది తరఫున. ఆయన పేరు సాయన్న, మోస్రా రైతు. మొదటి ప్రతివాది ఆ గానుగ యజమాని మాధవరావు పటేల్. దావా వేసిన వాది గంగాధర్, కోటగిరి దగ్గర చెరకు పండించి బెల్లం వండుకునే మనిషి. సాయన్న, గంగాధర్ అక్కాచెల్లెళ్ళను చేసుకున్నవాళ్ళు. పుస్తకాల్లో తోడల్లుళ్ళని రాస్తారు, మా వైపు సడ్డకులంటారు.

దావా కాగితం చేతికి రాగానే నేను చూసింది కేసు విషయం కాదు, చివర వాది తరఫు న్యాయవాది సంతకం. సుధాకర్. అది చూశాక విషయం చదవడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

సుధాకర్, నేను ఒకే సీనియర్ దగ్గర జూనియర్లుగా పనిచేశాం. నేను రెండేళ్ళు ముందు చేరాను. దావాలు రాయడం, సెక్షన్లు వెతకడం, నిజామాబాద్ జిల్లా కోర్టులో అప్పీళ్ళకు కట్టలు సిద్ధం చేయడం నా పని. సుధాకర్ క్లయింట్లతో చాయ్ తాగుతూ కూర్చునేవాడు. మా సీనియర్ ప్రాక్టీసు మానేసినప్పుడు తన ఆఫీసు, అందులోని పుస్తకాల బీరువాలు, బయటి బోర్డు సుధాకర్‌కే అప్పగించారు. నాకు మాత్రం, నువ్వు ఎక్కడైనా నిలదొక్కుకుంటావమ్మా అని చెప్పారు. నేను జిరాక్స్ దుకాణం పైన ఒక గది అద్దెకు తీసుకుని నిలదొక్కుకున్నాను. కానీ ఊళ్ళ నుంచి బస్సు దిగినవాళ్ళు పాత బోర్డు దగ్గరికే నడిచేవారు. మెట్లెక్కి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది అక్కడ రద్దీ చూసి తిరిగి వచ్చినవాళ్ళే. సుధాకర్ నన్ను ఏనాడూ మాట అనలేదు. బార్ అసోసియేషన్ గదిలో కనబడితే లేచి, "విమలక్కా, కూర్చో" అని తన కుర్చీ ఇచ్చేవాడు. అదే నాకు ఎక్కువ మంట. కుర్చీ ఇవ్వగలిగే స్థితిలో అతను ఉన్నాడని నాకు ప్రతిసారీ గుర్తుచేసినట్టు ఉండేది.

సాయన్న కూడా అలా తిరిగి వచ్చినవాడే అనుకున్నాను. అడిగితే కాదన్నాడు. "గంగాధర్ గాడు సుధాకర్ సారును పెట్టుకున్నడని తెలిసే మీ దగ్గరికొచ్చిన అక్కా. సుధాకర్ సారును ఓడగొట్టేటోళ్ళు ఎవరున్నరంటే మీ పేరు చెప్పిండ్రు." ఆ మాట నిజమో, ఫీజు తగ్గించుకోవడానికి అన్నదో నాకు తెలియదు. వకాల్తా మీద సంతకం మాత్రం వెంటనే చేయించుకున్నాను.

జరిగింది ఇది. మాధవరావు పటేల్‌కు కోటగిరి రోడ్డు మీద ఒక గానుగ ఉంది. మా దగ్గర గానుగ అంటే ఒక్క చెరకు ఆడే యంత్రమే కాదు, పొయ్యి, పెద్ద పెనాలు, రేకుల షెడ్డు అన్నీ కలిపి గానుగే. మోకాళ్ళ నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడలేక ఆయన దాన్ని అమ్మాలనుకున్నాడు. ఒక ఆదివారం గంగాధర్‌ను పిలిచి ధర చెప్పి, "శనివారం సాయంత్రం దాకా ఆలోచించుకో. అప్పటిదాకా నీ మాట కోసం చూస్త" అన్నాడు.

చట్టంలో దీన్ని ప్రతిపాదన అంటారు. ఒకడు ఫలానా ధరకు ఫలానా వస్తువు ఇస్తానని చెబుతాడు, రెండోవాడు సరే అంటే ఒప్పందం అక్కడికక్కడే పుడుతుంది. కాగితం, స్టాంపు ఉండి తీరాలన్న నియమం ఇలాంటి వస్తువులకు లేదు. సరే అనేలోపు ప్రతిపాదన చేసినవాడు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. శనివారం దాకా ఆగుతానని నోటితో అన్నంత మాత్రాన పటేల్ కట్టుబడి ఉండాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే ఆ గడువు కోసం గంగాధర్ ఆయనకు ఏమీ ఇవ్వలేదు. సోమవారమే ఫోన్ చేసి, వద్దు, నేను మనసు మార్చుకున్నాను అని ఉంటే చట్టం తప్పుపట్టేది కాదు. కానీ ఆ మాట ఆయన చెప్పాలి, అది గంగాధర్ చెవిన పడాలి, గంగాధర్ సరే అనకముందే పడాలి.

ఈ సంగతి మంగళవారం అత్తగారింట్లో అన్నం దగ్గర సాయన్నకు తెలిసింది. నిజానికి అతనికి గానుగతో పని లేదు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు తీసేసి వరి వేసుకున్న వేలమందిలో అతనొకడు. గంగాధర్ మాత్రం చెరకు వదల్లేదు, ఇంకొకరి గానుగలో అద్దెకు వండుకుంటూ బెల్లం అమ్మేవాడు. ఆ బెల్లమే సాయన్న బాధ. అత్తగారు వచ్చినవాళ్ళందరికీ పళ్ళెంలో ఒక ముక్క పెట్టి, చిన్నల్లుడు వండింది అని చెప్పేది. పెద్దల్లుడు పంపిన బియ్యం మాత్రం ఎవరికీ చూపించేది కాదు, బియ్యాన్ని అలా చూపించరు కదా. మొదటిరోజు నా గదిలో కూర్చుని సాయన్న దావా గురించి చెప్పింది తక్కువ, ఆ పళ్ళెం గురించి చెప్పింది ఎక్కువ.

"పెండ్లయిన కాన్నుంచి నేనే తెస్తున్న అక్కా. మామకు ఆపరేషనైతే నేనే తిప్పిన. గాడు రెండు ముక్కల బెల్లం తెస్తే గాడే కొడుకు లెక్క. ఇగ గానుగ గూడ కొంటే నేను ఆ ఇంట్ల ఏ మూలకు కూసోవాలె?"

బుధవారం సాయన్న పటేల్ దగ్గరికి వెళ్ళి ఎక్కువ ధర ఇస్తానన్నాడు. అడ్వాన్సు కూడా జేబులోంచి తీశాడు. పటేల్ డబ్బు ముట్టుకోలేదు. ఆయనది మహారాష్ట్ర సరిహద్దు ఊరు, మాట మధ్యలో మరాఠీ దొర్లుతుంది. "బఘూ, బఘూ" అన్నాడు. అంటే చూద్దాం, చూద్దాం అని. సాయన్న దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు. చట్టం అలా తీసుకోదు. సాయన్నది మరో ప్రతిపాదన, చూద్దాం అన్నది దానికి జవాబు కాదు. పటేల్ రెండు బేరాలూ చేతిలో పెట్టుకుని, ఏది మేలో చూసుకుందామనుకున్నాడు. గంగాధర్‌కు ఫోన్ చేయలేదు.

గురువారం పొద్దున సాయన్న మోస్రా నుంచి బండి మీద గంగాధర్ ఇంటికి వెళ్ళాడు. వాకిట్లోనే నిలబడి, మరదలు, గంగాధర్ భార్య సుజాత వింటుండగా, "గానుగ నాదైంది. పటేల్ నాకే ఇస్తున్నడు. నువ్వింక ఆశ పెట్టుకోకు" అన్నాడు. అని నవ్వాడట. చాయ్ తాగమంటే తాగకుండా తిరిగి వచ్చేశాడు. అతను మూల మలుపు తిరిగాడో లేదో, గంగాధర్, సుజాత బండెక్కి పటేల్ గానుగ దగ్గరికి వెళ్ళారు. అక్కడ చెరకు మోసేవాళ్ళు, పెనం కలిపేవాళ్ళు అందరూ ఉండగా గంగాధర్, "పటేల్ సాబ్, మీరు చెప్పిన ధరకే నేను తీసుకుంటున్న" అన్నాడు. పటేల్ ఉలిక్కిపడి, నిన్న మీ అన్న ఎక్కువ ఇస్తానన్నాడే అని గొణిగి, లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు, శుక్రవారం, సాయన్న దగ్గర అడ్వాన్సు తీసుకుని తాళంచెవి ఇచ్చేశాడు. అప్పటికే సుజాత తన అక్కకు, సాయన్న భార్యకు, ఫోన్ చేసి జరిగింది చెప్పింది, అంటే గంగాధర్ సరే అన్నాడని సాయన్నకు తెలుసు. తెలిసే షెడ్డుకు తన తాళం వేసుకున్నాడు.

గంగాధర్ దావా వేశాడు. గానుగ కదిలించకూడదని ఇంజంక్షన్ అడిగాడు. కోర్టు యథాతథ స్థితి ఉత్తర్వు ఇచ్చింది, అంటే తేలేదాకా ఎవరూ ఏదీ మార్చకూడదు. ఆ సీజను గానుగ ఆడలేదు. కోతకు వచ్చిన చెరకును గంగాధర్ దూరపు గానుగలకు మోసుకుని, అక్కడ వంతు దొరక్క కొంత పొలంలోనే ఎండబెట్టుకున్నాడు. సాయన్న వారానికోసారి మోస్రా నుంచి వచ్చి తన తాళాన్ని చూసుకుని పోయేవాడు. రోలర్లకు తుప్పు పట్టింది.

మా వాదన ఒకే ఒక్క విషయం మీద నిలబడి ఉంది. గురువారం గంగాధర్ సరే అనేనాటికి పటేల్ ప్రతిపాదన బతికి ఉందా, చచ్చిపోయిందా? వస్తువు ఇంకొకరికి అమ్ముడవుతోందని మూడో మనిషి ద్వారా తెలిసినా చాలు, ఇక ఒప్పుకునే హక్కు పోతుందని ఇంగ్లండులో ఒక పాత తీర్పు ఉంది. నేను దాన్ని పట్టుకున్నాను. కానీ మన కాంట్రాక్టు చట్టం ఆరో సెక్షన్ మాటలు వేరు. ప్రతిపాదన చేసినవాడే రెండో పక్షానికి ఉపసంహరణ తెలియజేయాలి అంటుంది. స్వయంగా అయినా సరే, తన తరఫు మనిషి చేత అయినా సరే. కాబట్టి సాయన్న ఆ పొద్దున వెళ్ళింది ఎవరి మనిషిగా అన్నదే ప్రశ్న.

పటేల్ నిజామాబాద్ నుంచి వేరే వకీలును పెట్టుకున్నాడు. ఆయన రాతపూర్వక జవాబులో, గురువారం పొద్దున సాయన్న చేత గంగాధర్‌కు కబురు పంపి నా ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాను అని రాయించాడు. అదే నిజమైతే మేం గెలిచినట్టే. నేను సాయన్నను పిలిచి సూటిగా అడిగాను, పటేల్ నిన్ను పంపాడా లేదా అని.

"పంపినట్టే అనుకోండ్రి."

అనుకోవడం కుదరదు, పంపితే ఏ మాటలతో పంపాడో చెప్పు అన్నాను. మీరు ఎట్ల చెప్పమంటే అట్ల చెప్తానన్నాడు. నేను సాక్షికి మాటలు నేర్పను, జరిగింది జరిగినట్టు చెప్పు అన్నాను. మా జవాబులో కూడా, సమాచారం రెండో ప్రతివాది ద్వారా వాదికి చేరింది అని మాత్రమే రాశాను, పటేల్ పంపాడని రాయలేదు. అయినా పటేల్ మాట రికార్డులో ఉంది. సాయన్న దాన్ని కాదనకపోతే చాలు, దాని బరువు దానికి ఉంటుంది. గెలుస్తామనే అనుకున్నాను. సుధాకర్ మీద గెలుస్తానన్న ఊహతో ఆ వారం నాకు అన్నం రుచిగా ఉంది.

సాక్ష్యాల దశ వచ్చేసరికి మరో చెరకు కాలం వచ్చింది. పటేల్ బోనెక్కి తన జవాబులోని మాటే చెప్పాడు. సుధాకర్ ఎంత అడిగినా సడలలేదు. నేను ఒక పక్క నుంచి సుధాకర్ ముఖం చూస్తూ కూర్చున్నాను. అతనిలో కంగారేమీ కనబడలేదు. నాకు అది కూడా నచ్చలేదు.

తరువాత సాయన్న వంతు. సుధాకర్ క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచాడు. నేను ధర గురించి, బుధవారం గురించి, ఫోన్ గురించి అడుగుతాడని సిద్ధపడి ఉన్నాను. అతను వాటి జోలికి పోలేదు. చాలా మర్యాదగా, నెమ్మదిగా మొదలుపెట్టాడు. ఆ ఇంటికి పెద్దల్లుడు మీరే కదా అన్నాడు. మామగారి ఆపరేషన్‌కు హైదరాబాద్ తిప్పింది మీరే కదా అన్నాడు. సాయన్న ఔనంటూ వీపు నిటారుగా చేశాడు. ఇంత కాలానికి ఒక నిండు సభలో ఎవరో ఆ మాట అన్నారు.

"మరి అంత పెద్దమనిషిని పటేల్ తన కబురు మోయమన్నాడా? మీరు ఆయన కబురు మోసుకుని చిన్నల్లుడి వాకిట్లోకి పోయిండ్రా?"

అభ్యంతరం అని లేచాను. జడ్జిగారు నన్ను చూసేలోపే సాయన్న బోను కర్ర పట్టుకున్నాడు.

"నేను పటేల్ నౌకర్నా సార్? నన్నెవడు పంపుతడు? నేనే పోయిన. గంగాధర్ గాని మొఖం ఎట్లయితదో సూద్దామని పోయిన!"

జడ్జిగారు కలం ఆపి, మీరు చెప్పింది ఇలాగే రాయించమంటారా అని అడిగారు. వెనక్కి తగ్గడానికి ఆ ఒక్క క్షణం సాయన్నకు దొరికింది. నేను అతని వైపు చూశాను. అతను నన్ను చూడలేదు, మూడో వరుసలో కూర్చున్న గంగాధర్‌ను చూస్తున్నాడు.

"రాయుండ్రి" అన్నాడు.

సుధాకర్, ఇక ప్రశ్నలు లేవు అని కూర్చున్నాడు. ఆరో సెక్షన్ నంబరు కూడా ఉచ్చరించలేదు. నేను పద్దెనిమిది తీర్పులు తిరగేసి నోట్సు రాసుకుని వెళ్ళాను. అతను నా క్లయింటును చూసి వెళ్ళాడు. సాయన్న ఏడాదిగా నా గదిలో కూర్చుని పళ్ళెం గురించి, బెల్లం ముక్క గురించి చెప్పింది నాకు, అతనికి కాదు. అయినా ఆ మనిషి ఎక్కడ పగులుతాడో కనుక్కున్నది అతను. నాకు ఓడిపోతున్నందుకు కాదు, ఆ ప్రశ్న నాది కానందుకు కడుపు రగిలింది.

తీర్పు ఊహించినట్టే వచ్చింది. బుధవారం బఘూ అన్నది ఒప్పుకోలు కాదు. గురువారం గంగాధర్ సరే అనేనాటికి పటేల్ నుంచి ఉపసంహరణ అందలేదు, రెండో ప్రతివాది తనంతట తాను వెళ్ళి చెప్పింది ఉపసంహరణ కిందికి రాదు. గానుగ మొదటి ధరకే గంగాధర్‌ది. తెలిసి కొన్న సాయన్నకు రక్షణ లేదు, అడ్వాన్సు పటేల్ తిరిగి ఇచ్చెయ్యాలి.

బయట వరండాలో సాయన్న తాళంచెవి జేబులోంచి తీసి నా చేతికి ఇవ్వబోయాడు, గంగాధర్ చేతికి ఇవ్వడం ఇష్టం లేక. నాకెందుకిస్తావు అన్నాను. అప్పుడు సుజాత ముందుకొచ్చి తీసుకుంది. ఆమె కోపంగా లేదు, అలసిపోయి ఉంది.

"బావా, ఒక మాట చెప్పాలె. మేము వద్దనుకున్నం గీ గానుగ. రోలర్లు పాతయి, మాతోని కాదని నేనే అన్న. శనివారం పోయి పటేల్‌కు వద్దని చెప్పేటోళ్ళం. నువ్వు గా దినం వాకిట్లకొచ్చి నవ్వితివి. నువ్వు మలుపు తిరగకముందే నేనే చెప్పులేసుకున్న. ఈయన ఇంకా ఆలోచిస్తుండె, నేనే బండెక్కుమన్న."

గంగాధర్ కాదనలేదు. "నిజమేనన్నా" అన్నాడు అంతే.

వాళ్ళు మెట్లు దిగి పోయాక సాయన్న నా వైపు తిరిగి, "అక్కా, గురువారం నాటికి శనివారం ఎంత దూరముండె?" అని అడిగాడు. రెండు రోజులు అన్నాను. ఇంట్లో కూర్చున్నా గానుగ నాదే అయ్యేదా అన్నాడు. అయ్యేది, కనీసం పటేల్ ముందు నువ్వొక్కడివే ఉండేవాడివి అన్నాను. అతను తల ఊపాడు. "కానీ వాని మొఖమైతే సూసిన" అన్నాడు. అందులో బాధ ఎంతో, సంతోషం ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు. ఫీజు బాకీ లేకుండా కట్టి, మోస్రా బస్సెక్కి పోయాడు.

ఆ సాయంత్రం బార్ గదిలో సుధాకర్ లేచి కుర్చీ చూపించాడు. ఆ ప్రశ్న అడగాలని ఎప్పుడు తోచిందని అడిగాను. సాయన్న కోర్టుకు వచ్చిన ప్రతిసారీ గంగాధర్ కంటే ముందు వరుసలో కూర్చునేవాడు, అది చూశాను అక్కా అన్నాడు. కుర్చీలో కూర్చోకుండా వచ్చేశాను. ఆ తరువాత సుధాకర్ మీద కొన్ని కేసులు గెలిచాను, కొన్ని ఓడాను. అతని మీద మంట తగ్గలేదు. తగ్గిందని రాస్తే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది, కానీ అది నిజం కాదు.

ఆ దావా వల్ల నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి, బేరం విషయంలో మనసు మార్చుకున్న ప్రతి క్లయింటుతోనూ, మారిన మాటను నువ్వే చెప్పు, అవతలివాడికే చెప్పు, ఇప్పుడే చెప్పు అని నా ఎదుటే ఫోన్ చేయిస్తున్నాను. ఊళ్ళో నలుగురికీ తెలిసిపోయింది అన్నది చట్టంలో తెలియజేయడం కాదు. రెండోది, క్లయింటును బోనెక్కించే ముందు కేసులో ఏం కావాలి అని అడగడం మాని, అవతలివాడికి ఏం దక్కకూడదనుకుంటున్నావు అని అడగడం మొదలుపెట్టాను. ఆ రెండో ప్రశ్నకు ఠక్కున జవాబు చెప్పినవాళ్ళను నేను మళ్ళీ ఎన్నడూ సాక్ష్యానికి పిలవలేదు. రాజీకి పంపాను.